కోత బాగాలేదన్నాను

వజ్రం కొనేటప్పుడు బరువు తర్వాత చూడాలి, ముందు కోత చూడాలి. బెంగళూరులో ఒక నగల అంగడిలో కౌంటర్ వెనక నిలబడిన మూడేళ్ళలో ఈ మాట లెక్కలేనన్ని సార్లు అన్నాను. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

అంగడి దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది, దాన్ని నమ్మకండి. గుమ్మం దాకా తెచ్చి నీడలో పెట్టి చూడండి. తెల్ల కాగితం మీద పెట్టి సూటిగా పైనుంచి చూడండి. రాయి నడిమధ్య వెలవెలబోయి, కింద ఉన్న కాగితం కనబడుతుంటే దాన్ని పలచగా కోశారని అర్థం. నడిమధ్య నల్లగా గుంట పడినట్టుంటే మరీ లోతుగా కోశారని అర్థం. కోసేవాడు బరువు పోతుందని పీనాసితనం చూపిస్తే రాయి అట్లా తయారవుతుంది. చెయ్యి కొంచెం కదిపితే మెరుపు తెగి తెగి పడాలి. పైనుంచి పోయిన వెలుగు మళ్ళీ పైకే రావాలి, కిందికి కారిపోకూడదు.

ఇవన్నీ అంగడి యజమాని మాటలు. నేను వాటిని అరువు తెచ్చుకుని నావి చేసుకున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, ఈరోజుకీ ఎవరైనా వజ్రం కొంటే ఇట్లాగే చూడాలి. నేను ఇప్పటికీ సిగ్గుపడేది అందుకే. ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా, అన్నీ నిజాలే చెప్పి, ఒక ముసలామెను ముంచాను.

అంగడి యజమానులు అన్నదమ్ములు. వాళ్ళు విడిపోయి అంగడి మూసేశాక నేను ఊరికి వచ్చేశాను. మాది పావగడ తాలూకాలో నిడుగల్లు కొండ కింది పల్లె. శెనక్కాయ తప్ప ఇంకేమీ పండని ఎర్రనేల, ఆ శెనక్కాయ కూడా వాన దయ తలిస్తేనే. ఎనభైల నాటి మాట ఇది. బెంగళూరు నుంచి నేను తెచ్చుకున్నవి రెండే: పక్కకు దువ్విన క్రాఫు, జేబులో పట్టే మడత భూతద్దం. ఆ అద్దాన్ని చొక్కా జేబులోంచి అందరికీ కనబడేటట్టు తీసేవాణ్ణి. ఊళ్ళో వజ్రాలెక్కడివి? ఆడవాళ్ళు పిల్లల కాళ్ళలో విరిగిన ముళ్ళు తీయడానికి ఆ అద్దం అడిగి తీసుకుపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నా విద్య ఏమిటి, వీళ్ళు అడిగేదేమిటి అనుకునేవాణ్ణి. మా నాన్న నన్ను 'వజ్రాల దొర' అని పిలిచేవాడు. వెక్కిరింపుగా మొదలైన ఆ పేరు ఊరంతా పాకి, కొన్నాళ్ళకు నిజంగానే మర్యాదగా మారిపోయింది. నాకూ అదే కావలసింది.

నేను వచ్చిన మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. అంతకు ముందటేడు కూడా అంతే. విత్తిన విత్తనం భూమిలోనే మాడిపోయింది. మా ఇంట్లో మాత్రం పశువుల మేతకు పాత వామి ఒకటి ఉండేది, శెనక్కాయ కట్టె, జొన్న సొప్ప కలిపి వేసింది. మాకు కొంచెం పెద్ద సేద్యం, అందుకే మిగిలింది. ఊళ్ళో తక్కిన వామిలన్నీ ఉగాదికల్లా నేలమట్టం అయిపోయాయి.

మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. మాకు నేరుగా చుట్టం కాదు. మా అమ్మ ఆమెను అత్తా అనేది, ఆమె అమ్మను కోడలా అనేది, ఆ వరసన నాకు అవ్వ. మొగుడు పోయి చాలా కాలమైంది. కూతుర్ని మడకశిర వైపు ఇచ్చింది. ఇంట్లో ఆమె, రెండు ఎద్దులు, అంతే. ఆ ఎద్దులే ఆమె బతుకు. అదును వచ్చిందంటే ఒకరి తర్వాత ఒకరు గొర్రు తోలుకోవడానికి ఆ జతను అడిగేవాళ్ళు, బదులుగా ఆమె చేను దున్నిపెట్టి, పండినాక ఇన్ని గింజలు కొలిచేవాళ్ళు. మొగుడు దూడలప్పుడు తెచ్చి మేపి కాడికి మెడ కాయించిన జత అది. ఆ వేసవిలో వాటి డొక్కలు లోపలికి పోయి, ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి.

ఒక మధ్యాహ్నం మా పంచలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తున్నారు. వాన వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు, అయినా విత్తనం సిద్ధం చెయ్యకుండా ఉండలేరు. నేను ఒక పక్క మంచం మీద కూర్చుని వేయించిన శెనక్కాయలు తింటూ, పెద్దమనిషిలా పేపరు చూస్తున్నాను. అవ్వ వచ్చి మా అమ్మ ముందు కూర్చుంది. కొంగు ముడి విప్పి, అందులోంచి పసుపు గుడ్డ మూట ఒకటి తీసింది. ఆ మూటలో ముక్కుపుడక ఉంది. కంది గింజంత ఒంటి రాయి, చుట్టూ పలచటి బంగారం.

"కోడలా, ముక్కుకు రాయి కావల్ల కావల్ల అని శానా దినాల్నుంచి అంటాంటివి కదా. ఇది నువ్వు తీసుకో. నాకు దుడ్లేం వద్దు. వాన పడేదాకా నా ఎద్దులకు మీ వామిలోంచి ఇంత మేతేస్తే సాలు" అంది.

మా అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "అయ్యో, ఇది మామ తెచ్చిండేది కదత్తా?" అంది.

"ఆయప్పే తెచ్చినాడు. గొర్రెల మందంతా అమ్మేసి తెచ్చినాడు. పావగడలో పాత కోమట్ల ఇంట్లో తీసుకున్యాడు. మూడు దినాలు దేవుని గూట్లో పెట్టి చూసినాం, మూడో దినం మా ఎర్రావు ఈనింది. అచ్చొచ్చిన రాయి కోడలా, సందేహం పెట్టుకోవద్దు. ఆయన పోయిన పదో దినం ముక్కునుంచి తీసినా. తీసింది తీసినట్లే మూట కట్టి పెట్టినా. మళ్ళా ముట్టుకోబుద్ధి కాలేదు."

అది మా వైపు పద్ధతి. వజ్రం ఊరికే కొనరు. ముందు ఇంటికి తెచ్చి, కుంకుడుకాయ రసంతో కడిగి, పాలలో ముంచి తీసి, దేవుని గూట్లో మూడు దినాలు పెడతారు. ఆ మూడు దినాల్లో ఇంట్లో మంచి జరిగితే రాయి అచ్చివచ్చినట్టు, చెడు జరిగితే తిప్పి పంపేస్తారు. మా అమ్మ కూడా ఆ మాట వినగానే లేచింది. "రెండు కుంకుడుకాయలు నానేస్తా, కడిగి గూట్లో పెడదాం" అంటూ లోపలికి పోబోయింది.

నేను ఆపాను. "ఉండమ్మా, రాయికి ఏం తెలుస్తాది ఇంట్లో మంచి జరిగిందా చెడు జరిగిందా అని? వజ్రాన్ని చూసే పద్ధతి అది కాదు. ఇట్లియ్యి" అని చెయ్యి చాపాను.

శెనక్కాయల పొట్టు, నూనె అంటిన వేళ్ళతోనే ఆ పుడకను అందుకున్నాను. భూతద్దం తీశాను. ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. మూడేళ్ళు కౌంటర్ వెనక నిలబడి చెప్పిన మాటల్ని మొదటిసారి నా ఊళ్ళో, నా వాళ్ళ ముందు చెప్పే అవకాశం వచ్చింది. పంచ అంచు దాకా పోయి నీడలో పట్టి చూశాను. మెరుపు లేదు. పేపరు మడిచి తెల్ల అంచు మీద పెట్టి పైనుంచి చూశాను. నడిమధ్య మబ్బు పట్టినట్టుంది. చెయ్యి కదిపాను, ఏమీ తెగిపడలేదు. భూతద్దంలో చూస్తే రాయి పలకల అంచులు మాత్రం నిన్ననే కోసినంత వాడిగా ఉన్నాయి. అది చూశాను, చూసి వదిలేశాను. ఆ వాడి అంచులకు అర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రాయికి కట్ బాగలేదు" అన్నాను.

ఒలిచే ఆడవాళ్ళలో ఒకామె, "ఏంది కట్? కరెంటు కట్టా అప్పా?" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. అవ్వ కూడా, ఏం అర్థం కాకపోయినా, నలుగురితో పాటు నవ్వింది.

ఆ నవ్వే నన్ను పాడు చేసింది. లేదు, అబద్ధం ఎందుకు, నవ్వు ఎవర్నీ పాడు చెయ్యదు. నా పొగరే పాడు చేసింది. కోత అంటే ఏమిటో, వెలుగు ఎట్లా కారిపోతుందో గొంతు పెంచి చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. చివరికి అందరి నోళ్ళూ మూయించే మాట ఒకటి వెతికి, "ఇట్లాంటి కోతుండే వజ్రమూ గాజు ముక్కా రెండూ ఒకటే" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. అవ్వ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. చిన్నపిల్ల పంతులును అడిగినట్టు అడిగింది.

"గాజా నాయనా?"

కాదవ్వా అని ఉండవలసింది. గాజని కాదు, కోత మాట చెప్తున్నాను అని ఉండవలసింది. "గాజని కాదులే..." అని నసిగి, పళ్ళెంలోంచి ఇంకో శెనక్కాయ నోట్లో వేసుకున్నాను. ఆ నసుగుడు ఎవరికీ వినబడలేదు. వినబడకూడదనే నసిగానేమో. నవ్వులు ఆగినందుకు నాకు లోపల్లోపల హాయిగా కూడా ఉండింది. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను గానీ, ఇదొక్కటి వదిలేస్తే తక్కినదంతా రాసి ప్రయోజనం లేదు.

అవ్వ పుడకను మళ్ళీ పసుపు గుడ్డలో కట్టి, కొంగున ముడి వేసుకుంది. మా అమ్మ చిన్నబోయి, "మేత ఊరికే తీసుకుపో అత్తా, రాయి సంగతి వదిలెయ్" అంది. ఆమె రెండు మోపులు తీసుకుంది. ఆ పైన రాలేదు. అమ్మ పిలిస్తే, "ఊరికే ఎన్ని దినాలు అడుగుదును కోడలా" అందట. రాయి ఇచ్చి మేత తీసుకోవడం వేరు, అడుక్కోవడం వేరు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: అవ్వ రాయి గాజంట, వజ్రాల దొర అద్దం పెట్టి చూసి చెప్పినాడంట. ఇంకెవరి దగ్గరికైనా పోయి ఇస్తానందామంటే ఆమెకు ఆ దారి కూడా మూసుకుపోయింది. మా నాన్న మాత్రం, "మూడేండ్లు బెంగళూరులో ఊరికే లేడే మనోడు" అని మురిసిపోయాడు.

పది దినాల తర్వాత ఎద్దులు సంతకు పోయాయి. ఆ డొక్కలు చూసి సేద్యానికి ఎవరు కొంటారు? ఎవరు కొన్నారో, ఎక్కడికి తోలుకుపోయారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అవి మా ఇంటి ముందునుంచే పోయాయి. గంటల చప్పుడు విని నేను లోపలి గదిలోకి పోయి కూర్చున్నాను. అప్పటికి నాకు తప్పు చేశానని తెలియదు. రాయి మంచిది కాదనే నమ్మాను. అయినా లోపలికి ఎందుకు పోయానో ఆలోచిస్తే ఇప్పుడు అనిపిస్తుంది, మనిషికి తెలియకముందే ఒంటికి తెలుస్తుందని.

ఆ తర్వాత అవ్వ కూలికి పోవడం మొదలుపెట్టింది. తన ఎద్దులు తోలిన చేలల్లోనే కలుపు తీసింది.

మరుసటి ఏడు వాన కరుణించింది. శెనక్కాయ బాగా పండింది, ధర కూడా పలికింది. మా అమ్మ చిరకాల కోరిక తీర్చడానికి బెంగళూరు తీసుకుపోయి, ఏడు రాళ్ళ కమ్మలు నేనే చూసి కొనిచ్చాను. గుమ్మం దగ్గర, నీడలో, తెల్ల కాగితం మీద, ఒక్కో రాయీ పరీక్ష చేసి మరీ కొన్నాను. అంగడివాడే "మీరు ఈ లైన్లో ఉన్నట్టుందే సార్" అన్నాడు. ఊళ్ళో ఆ కమ్మల్ని చూడటానికి ఆడవాళ్ళు వరసగా వచ్చారు. అమ్మ తల ఇటూ అటూ తిప్పి చూపించేది. "మావోడు చూసిండే రాళ్ళు" అనేది.

ఏడాది తిరగకముందే ఆ మెరుపు పోయింది. తలకు ఆముదం, మొహానికి పసుపు, పొద్దస్తమానం శెనక్కాయ పని, చెమట. కమ్మలు మాసిపోయి, గాజు పూసల్లా కూర్చున్నాయి. అమ్మ ఒకరోజు అద్దంలో చూసుకుని, "వీటికి కూడా కట్ పోయిందేమప్పా?" అని దెప్పింది. అంగడివాడు నన్నే మోసం చేశాడా? ఆ మాట ఊళ్ళో పొక్కితే నా పరువేం కావాలి? శుక్రవారం బస్సెక్కి పావగడలో ఒక ముసలి ఆచారి దగ్గరికి పోయాను. నగల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. కమ్మలు ఆయన ముందు పెట్టి, కోత సరిగా లేదేమో చూడమన్నాను.

ఆయన అద్దం తియ్యలేదు. కమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఆముదమా?" అన్నాడు.

ఆయన ఒక గిన్నెలో నానుతున్న కుంకుడు రసంలో రెండు కమ్మలూ వేసి, చిన్న బ్రష్షుతో ముందూ వెనకా రుద్దాడు. వెనక ఇంకాస్త ఎక్కువసేపు రుద్దాడు. మంచి నీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. బెంగళూరులో కొన్న రోజున కూడా అవి అంతగా మెరవలేదు.

"వజ్రానికి జిడ్డంటే శానా ఇష్టమప్పా" అన్నాడు ఆచారి. "గాజు కన్నా దీనికే గట్టిగా పట్టుకుంటాది. ఎనకాల జిడ్డు పట్టిందంటే ఎంత మంచి కోతైనా ఎలుగు నిలబడదు, కిందికి పోతాది. కోత చూసే ముందు కడగల్ల కదా. బెంగళూరులో ఎన్నేండ్లు చేసినావంటివి?"

"మూడేండ్లు."

"కడిగేది నేర్పలేదా?"

నేర్పలేదు. పొద్దున నేను అంగడికి పోయేసరికే లోపల ఒకతను రాళ్ళన్నీ కడిగి, తుడిచి, తట్టల్లో సర్ది ఉంచేవాడు. నేను చూసిన వజ్రాలన్నీ కడిగినవే. మాసిన వజ్రం ఎట్లా ఉంటుందో నేను జన్మలో చూడలేదు. చూసినప్పుడు గుర్తు పట్టలేదు.

ఇంకొక్కటి అడిగాను. "పాత రాయి, ముప్పై నలభై ఏండ్లు ముక్కుకు పెట్టుకునింది, గాజో వజ్రమో కడగకుండా తెలిసేది ఎట్ల?"

"అంచులు చూడల్ల. గాజైతే అన్నేండ్లకు అరిగి మొద్దుబారి ఉంటాయి. వజ్రానికి అరగవు. నిన్న కోసినట్లుంటాయి."

తిరుగు బస్సులో అందరి మీదా కోపం వచ్చింది. కడిగేది నేర్పని యజమాని మీద, నవ్విన ఆడవాళ్ళ మీద, కుంకుడుకాయలు నానబెట్టడానికి లేచి నా ఒక్క మాటకే కూర్చుండిపోయిన మా అమ్మ మీద కూడా. ఊరు దగ్గర పడేసరికి ఆ కోపాలన్నీ ఊడిపోయి నేనొక్కణ్ణే మిగిలాను. మూఢనమ్మకమని నేను నవ్విన పద్ధతిలో మొదటి పని రాయి కడగడం. నా చదువులో అది చివరి పని కూడా కాదు.

బస్సు దిగి నేరుగా అవ్వ ఇంటికి పోవలసింది. పుడక కడిగి చేతిలో పెట్టి, నేను తప్పు చెప్పినాను అవ్వా, ఇది వజ్రం అని చెప్పవలసింది. ఎద్దులు తిరిగి రావు, కానీ రాయైనా దక్కేది. పోలేదు. రేపు పోదాం అనుకున్నాను. రేపు వచ్చాక, ముందు అమ్మకు చెప్పి పోదాం అనుకున్నాను. అమ్మకు చెప్పాలంటే నాన్నకు తెలుస్తుంది, నాన్నకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. అట్లా ఎనిమిది దినాలు గడిపాను. తొమ్మిదో దినం, ఎవరికీ తెలియకుండా పుడక ఒకసారి చూస్తానని అడిగి, అక్కడే కడిగి ఇచ్చేద్దామని, జేబులో రెండు కుంకుడుకాయలు వేసుకుని పోయాను.

అవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లోపలికి పోయి, కొత్త స్టీలు బిందె ఎత్తుకొచ్చి చూపించింది. మొహం వెలిగిపోతోంది.

"చూడప్పా! మొన్న బుధవారం సైకిల్లో సామాన్లోడు వచ్చినాడు. పుడక ఇచ్చేస్తి. రాయి గాజప్పా, బంగారానికే లెక్క కట్టుకో అని నేనే చెప్పినా, మోసమెందుకు చెయ్యల్ల? పిసరంత బంగారానికి ఇంత బిందె ఇచ్చినాడు పిచ్చోడు. నువ్వు చూసి చెప్పకుంటే ఇంకా దాన్ని వజ్రమని మూట కట్టుకునే ఉంటాంటి."

ఆచారి దగ్గరికి పోయింది శుక్రవారం. అవ్వ పుడక ఇచ్చేసింది ఆ తర్వాతి బుధవారం. మధ్యలో నాకు ఐదు దినాలు ఉన్నాయి.

"వాడు యాడోడవ్వా?" అన్నాను.

"తెల్దప్పా. హిందూపురమో ఏమో."

ఆ బిందెలోంచే చెంబుతో ముంచి నీళ్ళిచ్చింది. తాగాను. చెంబు తిరిగి ఇస్తుంటే ఆమె తీసుకోకుండా, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు నాయనా. నువ్వు అంగట్లో ఉండినోడివి, నీకు తెలుస్తాది. మీ తాత అది గాజని తెలిసే నాకు వజ్రమని చెప్పినాడంటావా? లేకుంటే ఆయన్ని కూడా మోసం చేసినారా?"

నేను చెంబు కింద పెట్టాను.

"ఎద్దులు పోయినందుకు నాకు ఇంత బాధ లేదప్పా. నాతో అబద్ధం చెప్పినాడేమో అనే బాధ. మందంతా అమ్మితినని ఊరంతా చెప్పుకునినాడు. ఆ దుడ్లు యాడికి పోయినాయో అని... పాడు ఆలోచనలు. రెండేండ్లయింది, పెద్దల అమావాస్యకు ఆయనకు బట్ట పెట్టలా, కూడు పెట్టలా. చేతులు రాలా."

ఒక్క మాట చాలు. అది వజ్రమే అవ్వా, తాత నీకు నిజమే చెప్పినాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. దాని వెనకే తక్కినవన్నీ వచ్చాయి: అయితే ఎద్దులెందుకు పోయినాయి, అయితే పుడక ఎందుకు ఇచ్చేస్తి, అయితే నువ్వు చెప్పిందేంది. బిందె మా ఇద్దరి మధ్యే ఉంది. నిజం చెప్తే ఈమె ఏమైపోతుందో అని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఆమె గురించి కాదు. వజ్రాల దొర ఏమైపోతాడో అని.

"తాతకేం తెలుసవ్వా" అన్నాను. "ఆయన్నీ మోసం చేసింటారు."

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అదే అనుకున్యా. పిచ్చి మనిషి. ఎవురేం చెప్పినా నమ్మేటోడు" అంది. ఆ గొంతులో ఉన్నది ఏడుపు కాదు, నెమ్మది. రెండేళ్ళ కోపం ఆమె మీదనుంచి దిగిపోవడం కళ్ళారా చూశాను.

మందంతా అమ్మి, పాత కోమట్ల ఇంట్లో వెతికి, ఇంటికి తెచ్చి కడిగి చూసుకుని, నిఖార్సయిన రాయిని కొన్న మనిషి ఆయన. అద్దం లేకుండా ఆయన సరిగ్గా చూశాడు, అద్దం పెట్టుకుని నేను తప్పు చూశాను. మా ఇద్దరిలో వెర్రివాడు ఎవరో తేల్చే మాట నా నోట్లోనే ఉండగా, బదులు చెప్పుకోలేని ఆయన్ని వెర్రివాణ్ణి చేసి లేచి వచ్చాను.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు అవ్వ మొగుడికి కొత్త పంచె పెట్టింది. ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. నన్ను పనిగట్టుకుని పిలిపించింది. ఆయన మీద తన కోపం పోగొట్టింది నేనే కాబట్టి, ఆయన పేరున మొదటి విస్తరి నాకే వెయ్యాలని పట్టుబట్టింది. గోడ వారగా పెట్టిన ఆ పంచె ఎదురుగా కూర్చోబెట్టి, ఓళిగ మీద నెయ్యి పోసి, పక్కన నిలబడి తినేదాకా చూసింది. తిన్నాను. ఇంకొకటి వెయ్యనా అని అడిగింది. వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని ఇంకొకటి కూడా వేయించుకున్నాను.